అల్లం బిళ్ల

అది అల్లం పిప్పరమెంటు బిళ్ల. 2020 నవంబరు అమెరికా అధ్యక్ష ఎన్నికల రాత్రి జార్జియా రాష్ట్రం అట్లాంటాలోని స్టేట్ ఫార్మ్ ఎరీనాలో ఓట్లు లెక్కిస్తూ ఒక తల్లి కూతురికి అందించింది. నెల తిరిగేసరికి జార్జియా శాసనసభ్యుల ఎదుట దాని రూపం మారిపోయింది. ఆ ఇద్దరూ హెరాయిన్, కొకైన్ సీసాల్లా యూఎస్‌బీలు (డేటా దాచే చిన్న పరికరాలు) చేతులు మార్చుకున్నారని, తన ఓటమి మోసమేనని వాదిస్తున్న ట్రంప్ న్యాయవాది రూడీ జూలియానీ ఆరోపించారు. న్యూయార్క్ మాజీ మేయరంతటి వాడు చెబితే నమ్మేవారికి కరవా?

జార్జియా ఆ ఓట్లను మూడుసార్లు లెక్కపెట్టింది. అందులో ఒకసారి పూర్తిగా చేత్తోనే. బైడెన్ ఆధిక్యం 11,779గా తేలింది. 2021 జనవరి 2న ట్రంప్ రాష్ట్ర ఎన్నికల అధికారి బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్‌కు ఫోన్ చేసి, తనకు 11,780 ఓట్లు వెతికిపెట్టమన్నారు. సరిగ్గా ఒక్కటి ఎక్కువ. బేరమైనా లెక్క తప్పలేదు! రాఫెన్స్‌పర్గర్‌ది ట్రంప్ పార్టీయే, అయినా తలొగ్గలేదు. రెండు శతాబ్దాల రాజ్యాంగం ఆ వారం ఒకరిద్దరు అధికారుల మొండితనం మీద నిలబడిందంటే అది గర్వించాల్సిన సంగతేమీ కాదు.

పెద్దల మీద సామాన్యుల తరఫున పోరాడుతున్నామని చెప్పుకునే ఈ రాజకీయం ముందుగా కాటేసింది ఎవరిని? ఎన్నికల కార్యాలయంలో ఒక చిరుద్యోగిని, తాత్కాలిక పనికి వచ్చిన ఆమె తల్లిని. బెదిరింపులు వెల్లువెత్తాయి. ఎఫ్‌బీఐ సలహాపై తల్లి ఇల్లు విడిచి దాదాపు రెండు నెలలు బయటే తలదాచుకుంది. కూతురు ఉద్యోగం మానేసింది.

2023 డిసెంబరులో వాషింగ్టన్ జ్యూరీ వీరికి జూలియానీ పరువునష్టం కింద 14.8 కోట్ల డాలర్లు చెల్లించాలని తేల్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, తనపై అబద్ధాలు ప్రసారం చేసిందని దావా వేసిన ఓటింగ్ యంత్రాల సంస్థ డొమినియన్‌తో ఫాక్స్ న్యూస్ 78.75 కోట్ల డాలర్లకు రాజీపడింది. అబద్ధానికి ఇంత ఖరీదు కట్టినా దాని గిరాకీ తగ్గలేదు. కోర్టు తీర్పు చదివేవారు కొందరే. ఆ లెక్కింపు గది వీడియో ముక్క చూసినవారు కోట్లు. పైగా అబద్ధాన్ని అందరూ నమ్మనక్కర్లేదు, ‘ఏదో జరిగే ఉంటుంది’ అనుకుంటే చాలు. ట్రంప్ 2024లో గెలిచారు. 2025 జనవరిలో పదవి చేపట్టిన రోజే, 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్‌పై జరిగిన దాడి కేసుల్లోని సుమారు 1,500 మందికి క్షమాభిక్ష ప్రసాదించారు. 2025 నవంబరులో జూలియానీకీ ఆ భాగ్యం దక్కింది.

ఆ తల్లీకూతుళ్ల పేర్లు లోకమంతటికీ తెలుసు. మేము మాత్రం కావాలనే రాయడం లేదు. సరుకుల దుకాణంలో తెలిసినవారు ఎదురై పేరు పెట్టి పిలిచినా తనకు గాభరాగా ఉంటుందని 2022లో ఆ తల్లి కాంగ్రెస్ విచారణ కమిటీకి చెప్పింది.