గాలి తాగిన లారీ

మిర్యాలగూడలో బియ్యం లోడెత్తుకున్న ఆరు సిలిండర్ల పాత బండి, వేములపల్లి దాటినంక స్లోలో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) ఊగుడు మొదలువెట్టింది. ఒక గుద్దు, ఒక దగ్గు, మళ్లా గుద్దు. తిప్పర్తి కాడికొచ్చేసరికి బందే అయింది. క్లీనర్ పిలగాడు దిగి టాంకిలో కట్టె ముంచి చూసిండు. "అన్నా, సగం ఉన్నది." డ్రైవర్ బంపరుకు కొత్త నిమ్మకాయ కట్టి సెల్ఫ్ కొట్టిండు. స్టార్ట్!

అట్ల నిమ్మకాయకు పేరొచ్చింది. నల్లగొండ చేరేలోపు ఇదే తంతు ఇంకో రెండుసార్లు: ఆగుడు, కట్టె ముంచుడు, నిమ్మకాయ మార్చుడు, కదులుడు. దారిలో ఛాయ్ హోటల్ కాడ ఒక ట్రాక్టరాయన "బోరు పోయింది, సిలిండర్ లోపలి గోడ అరిగింది, ఇంజన్ దించాల్సిందే" అని తేల్చేసిండు. ఇంకొకాయన డీజిల్ పంపు మీది స్లో స్క్రూ తిప్పబోయిండు. ఈయనే ఎక్కువ ప్రమాదం. రోగం దొరకకముందు స్లో పెంచితే రోగం దాక్కుంటుంది, డీజిల్ ఖర్చు మాత్రం బయటపడుతుంది.

నల్లగొండ మెకానిక్ 17 నంబర్ పానా, పాతగుడ్డ పట్టుకొని వచ్చిండు. ఇంజన్ స్లోలో ఉండంగ, సిలిండర్లకు డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల పైపుల నట్లు ఒక్కొక్కటి కొంచెం లూజు చేసి, మళ్లా బిగించుకుంటూ పోయిండు. మంచి సిలిండరైతే నట్టు వదలంగనే చప్పుడు పడిపోతుంది. చచ్చిన సిలిండరైతే వదిలినా, బిగించినా తేడా ఉండదు. (గుడ్డ అడ్డం పెట్టాలె. ఆ ఒత్తిడికి డీజిల్ తోలు లోపలికి దిగుతుంది, అది దవాఖాన కేసు.) ఆరుకు ఆరూ బాగనే పలికినయి. బోరు, ఇంజెక్టర్లు బతికిపోయినయి.

తర్వాత ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదిలి హ్యాండ్ పంపు కొట్టిండు. సోడా పొంగినట్టు బుడగలు. "గాలి పట్టింది." పైపుల జాయింట్ల కాడ రాగి వాషర్లు నలిగి రాయిలెక్క అయినయి. అవి మార్చి, బుడగల్లేని డీజిల్ వచ్చేదాకా కొట్టి, స్క్రూ బిగించిండు. ఇంజన్ కోయిల తీరు పాడింది. సరిగ్గ అరగంట పాడింది.

ఇంకో మెకానిక్కైతే పంపు విప్పేటోడే. ఈయన మాత్రం ఒక్క ప్రశ్న అడిగిండు. "ఆగినంక ఏం జేస్తే స్టార్టైతున్నది?"

"నిమ్మకాయ," అన్నడు డ్రైవర్.

"కట్టె," అన్నడు క్లీనర్.

మెకానిక్ సక్కగ టాంకి కాడికి పోయిండు. మూత ఎన్నడో పోయింది. దాని జాగాల పాలిథిన్ కవర్ మూడు మడతలు పెట్టి, పాత ట్యూబు ముక్కతో ఊపిరాడకుండ కట్టిండ్రు. వానొచ్చినా నీళ్లు పోవద్దని క్లీనర్ చేసిన పనితనమది. ముడి విప్పంగనే "హుస్స్" అని టాంకి గాలి పీల్చుకున్నది.

నూనె డబ్బాకు ఒక్కటే బొక్క కొడితే నూనె గుడగుడమని ఆగి ఆగి పడుతుంది, రెండోది కొడితే ధార కడుతుంది. టాంకి సంగతీ అంతే. పోయిన డీజిల్ జాగాలకు గాలి రావాలె. అందుకే అసలు మూతకు సన్న రంధ్రం ఉంటది. అది మూసుకుంటే టాంకిలకెల్లి డీజిల్ తెచ్చే ఫీడ్ పంపు ఎంత గుంజినా డీజిల్ రాదు. లోపల వాక్యూం పెరిగి, ఏ జాయింటు బలహీనంగ ఉంటే ఆడికెల్లి గాలి లాక్కుంటుంది. ముందు ఊగుడు, తర్వాత ఆగుడు. కట్టె ముంచెతందుకు కవర్ విప్పిన ప్రతిసారీ టాంకి లోపలికి గాలి పోయింది, బండి లేచింది. పేరు నిమ్మకాయ కొట్టేసింది.

కొత్త మూత బిగించినంక బండి ఎక్కడా దగ్గలేదు. చెర్వుగట్టు గుడి కనబడంగనే డ్రైవర్ పక్కకాపి, మొక్కు తీర్చాలని కొబ్బరికాయ తీసిండు.

"అన్నా," అన్నడు క్లీనర్, "ఇది దేవునికా, మూతకా?"