కెమెరాకి చలేస్తుందని

ఆకాశాన్ని ఫోటోలు తీస్తానంటే అందరూ చందమామో, శనిగ్రహం వలయాలో అనుకుంటారు. వాటికైతే వేలు పెట్టి చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. అంతరిక్షంలోని మసక వాయు మేఘాల, అదే నెబ్యులాల వెంట పడ్డవాడికి ఆ భాగ్యం కూడా లేదు. "ఏదిరా, నాకూ చూపించు" అని అమ్మ మేడ మీదకి వస్తే, ఓరియన్ నక్షత్రమండలం నడుము పక్కన ఖాళీగా ఉన్న నల్లటి చోటు చూపించాను.

"అక్కడేం లేదు కదరా."

"ఆ లేనిదాన్నే తీస్తున్నానమ్మా."

ఇంకేం అడగలేదు. ఒకసారి నా నుదురు మాత్రం ముట్టుకు చూసింది.

లేకేం, ఉంది. చిన్నదేమీ కాదు కూడా. బర్నార్డ్ లూప్ అంటారు దాన్ని, 1894లో ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ ఫోటోల్లో పట్టుకున్న వంపు. దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు, అంటే 20 పున్నమి చంద్రుల్ని వరసగా పేర్చినంత. దీనికి టెలిస్కోపు పెడితే ఓ మూల ముక్క తప్ప రాదు, మామూలు 50 ఎంఎం లెన్సే సరైనది. వచ్చిన చిక్కల్లా ఏంటంటే అందులోని హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎర్రగా వెలుగుతుంది, మనం కొనే కెమెరాల్లో సెన్సర్ ముందుండే ఫిల్టరేమో సరిగ్గా ఆ ఎరుపునే చాలావరకు మింగేస్తుంది. అందుకని నిక్షేపంలాంటి కెమెరాని విప్పించి, అందులోంచి ఆ ఫిల్టర్ పీకించి, పైగా పీకినందుకు ఎదురు డబ్బులిచ్చాను. (ఈ సంగతి ఇంట్లో ఇంకా తెలీదు. అమ్మ ఇలాంటివి చదవదన్న ధైర్యంతో ఇక్కడ రాస్తున్నాను.)

అంత చేసినా ఒక్క ఫోటోలో ఏమీ కనపడదు. నక్షత్రాల వెంట మెల్లగా తిరిగే ట్రాకర్ మీద కెమెరా పెట్టి, దాని ఇరుసుని ధ్రువం వైపు సరిచూసి, రెండేసి నిమిషాల ఫోటోలు తీస్తూనే ఉండాలి. తర్వాత వాటన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చితే ఫోటోలోని గరుకు (నాయిస్) తగ్గి అసలు సరుకు బయటపడుతుంది. అదీ తేలిగ్గా కాదు, గరుకు సగానికి తగ్గాలంటే నాలుగు రెట్ల ఫోటోలు కావాలి. కాబట్టి రాత్రంతా తీయాల్సిందే. మనం మేలుకోనక్కర్లేదు, రిమోట్‌లో టైమర్ పెట్టేస్తే దాని మానాన అది కొట్టుకుంటూ ఉంటుంది, మనం హాయిగా ముసుగు తన్నొచ్చు. నేను చేసిందీ అదే.

పడుకోబోయే ముందు లెన్స్ చుట్టూ హీటర్ పట్టీ చుడుతుంటే అమ్మ చూసింది. ఇదేంటని అడిగితే, "వేడి పట్టీ. రాత్రి మంచు పడుతుంది కదా, పాపం దానికి" అన్నాను నవ్వుతూ. ఆ 'పాపం' ఆవిడ మనసులో గట్టిగా నాటుకుంది.

పొద్దున్నే ఫోటోలన్నీ సాఫ్ట్‌వేర్‌కి అప్పగిస్తే, కాసిని తీసుకుని మిగతా మొత్తం తిప్పికొట్టింది. నక్షత్రాలు కనపడలేదట. ఓరియన్‌లో నక్షత్రాలు లేకపోవడమేంటని టెన్షన్‌తో ఒక్కొక్కటే తెరిచాను. మొదటి కొన్ని బంగారం, చుక్కలన్నీ సూదిమొనల్లా ఉన్నాయి. ఆ తర్వాతది తెల్లగా కాలిపోయింది, ఎవరో మేడ మీది లైటు వేశారు. దాని కింది మూల గోధుమ రంగులో పొడుగ్గా, మసగ్గా ఐదు మచ్చలు. ఫోకస్ ఎక్కడో అనంతంలో ఉంది కాబట్టి అవి వేళ్ళని అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. ఆ తర్వాత నుంచి తెల్లారేదాకా కటిక నలుపు.

పైకి పరుగెత్తాను. కెమెరా నిండా తువ్వాలు కప్పుకుని, మెడ దగ్గర ముడి కూడా వేయించుకుని, నిలువుగా నిద్రపోతోంది. ట్రాకర్ మాత్రం పాపం ఆ మూటనే నక్షత్రాల వెంట శ్రద్ధగా తిప్పుతూ ఉంది.

"అర్ధరాత్రి లేచి చూశాను నాన్నా, ఒళ్ళంతా తడిసి ముద్దయిపోయింది. దానికి చలేస్తుందని పట్టీ చుట్టింది నువ్వే కదా!" అంది అమ్మ. కాదనడానికి నా దగ్గర ఏముంది?

పోనీ, కప్పెట్టి తీసిన ఫోటోలు డార్క్ ఫ్రేములుగానైనా పనికొస్తాయేమో అనుకున్నాను. లెన్స్ మూసి, అంతే ఎక్స్‌పోజర్‌తో తీసే నల్ల ఫోటోలవి, సెన్సర్ సొంత గరుకుని లెక్కగట్టి తీసేయడానికి వాడతాం. అయితే సెన్సర్ కూడా ఫోటోలు తీసినప్పటి వేడి మీదే ఉండాలి, ఆరేడు డిగ్రీలు పెరిగితే చాలు ఆ గరుకుకి మూలమైన డార్క్ కరెంట్ ఇంచుమించు రెట్టింపవుతుంది. మా కెమెరా హీటర్ పట్టీతో, ముడేసిన తువ్వాలుతో రాత్రంతా వెచ్చగా పడుకుంది. అవీ పోయాయి.

ఇదే పిచ్చి ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి గోడు చెప్పుకుంటే, వాడు ఓదార్చడం మానేసి తువ్వాలు ఏ రంగని అడిగాడు. తెలుపన్నాను. "అయ్యయ్యో! ఫోటో మూలల్లో వచ్చే చీకటిని సరిచేసే ఫ్లాట్ ఫ్రేములకి, వెలుతురు పెట్టి మనం లెన్స్ మీద తెల్లగుడ్డే కదా గురూ కప్పేది? ఆ లైటేదో ఆర్పకుండా ఉంటే అవైనా వచ్చుండేవి!"

"కరెంటు దండగని నేనే ఆర్పేశాను బాబూ" అంది అమ్మ వంటింట్లోంచి, నిజంగానే బాధపడుతూ. "ఈసారి కప్పాక లైటు వేసే ఉంచుతాలే."