వడియాల పక్కన లెడ్ జెపెలిన్

చెన్నైలో మే నెల ఎండకి డాబా మీద వడియాలు పెట్టడం మామూలే. వడియాల పక్కన పాటల ఎల్పీ రికార్డు ఎండబెట్టిన ఘనత మాత్రం వెస్ట్ మాంబలంలో ఒక బావగారిది. ఎవరికి బావ అని అడక్కండి. ఆ అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళందరికీ ఆయన బావగారే, ఆయనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళకి కూడా.

సెంట్రల్ స్టేషన్ పక్కనుండే పాత మూర్ మార్కెట్ 1985లో తగలబడిపోయాక, అక్కడి పాత పుస్తకాల వాళ్ళూ రికార్డుల వాళ్ళూ దగ్గర్లోనే కట్టిన కాంప్లెక్స్‌లోకి మారారు. ఆ చుట్టుపక్కల ఒక కొట్లో బావగారికి లెడ్ జెపెలిన్ అనే ఇంగ్లండ్ రాక్ బృందం మూడో ఆల్బమ్ దొరికింది. 1970లో వచ్చింది. చెవులు చిల్లులు పడేలా రాక్ వాయించేవాళ్ళు వేల్స్‌లో కరెంటు కూడా లేని ఓ కుటీరానికి పోయి, జానపదం వైపు మళ్ళిన రికార్డు అది. రెండో వైపు దాదాపు అంతా అకూస్టిక్ గిటారే. అట్ట మీద చిల్లులు, లోపల తిరిగే చక్రం. చక్రం తిప్పితే చిల్లుల్లో బొమ్మలు మారతాయి.

కొట్టువాడు దాని మీద "వీజీ" అని రాసి పెట్టాడు. కొత్తగా కొనేవాళ్ళు ఇక్కడే పడిపోతారు. వీజీ అంటే వెరీ గుడ్ కదా, చాలా బాగుంటుంది అనుకుంటారు. రికార్డుల గ్రేడింగులో అది పెళ్ళి సంబంధాల్లో "అబ్బాయి మంచివాడే" అన్నట్టు. ఆ దీర్ఘంలోనే అన్నీ ఉంటాయి. పాటకి ముందూ వెనకా చిటపటలు, కంటికి కనిపించే గీతలు వీజీలో సహజం. ఉత్త "గుడ్" అని రాసుంటే దాన్ని గోడకి తగిలించుకోవడమే. నిజంగా బాగుండాలంటే కనీసం వీజీ ప్లస్, ఇంకా పైన నియర్ మింట్, అంటే దాదాపు కొత్తది.

బావగారికి ఇవన్నీ తెలుసు. రికార్డుని ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టి గీతలు చూశారు. గోరు ఆనిస్తే తగిలే గీత పాటలో వినబడుతుంది, తగలనిది చాలావరకు వినబడదు. తర్వాత లేబుల్ చుట్టూ ఉండే నల్లటి ఖాళీ చూశారు. ఈ ఆల్బమ్ తొలి ముద్రణల్లో అక్కడ చేత్తో గీకిన అక్షరాలుంటాయి. ఒకవైపు "నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి" అని, ఇంకోవైపు "అలాగే అగుగాక" అని, ఇంగ్లీషులో. రెండూ ఉన్నాయి. బావగారి చెయ్యి వణికింది. బేరం కూడా ఆడలేదు.

అంత చూసిన మనిషి, రికార్డుని కారు వెనక అద్దం కింది పలక మీద పెట్టి, టీ నగర్‌లో ఆంధ్రా మెస్‌లోకి వెళ్ళారు. గోంగూర, పప్పు, పులుసు, రెండోసారి పెరుగు: నలభై నిమిషాలు. బయట 40 డిగ్రీలుంటే, అద్దాలు మూసిన కారులో ఎండ తగిలే పలక మీద 60 దాటడం పెద్ద విషయం కాదు. రికార్డులు చేసే వినైల్ ప్లాస్టిక్ మెత్తబడేది కూడా సరిగ్గా ఆ ప్రాంతంలోనే. ఇంటికొచ్చి తీసి చూస్తే ఒక అంచు అప్పడంలా లేచింది.

ప్లేయర్లో తిరిగే ప్లాటరు మీద పెడితే లేచిన చోటల్లా ముల్లు ఎగిరింది. కారణం సులువు. గుట్ట ఎక్కేటప్పుడు ముల్లు మీద ఒత్తిడి పెరుగుతుంది, దిగేటప్పుడు తగ్గుతుంది. స్పీడ్ బ్రేకర్ దాటే షేర్ ఆటోలో వెనక సీటువాళ్ళ పరిస్థితే. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే తల పైకప్పుకి తగులుతుంది.

కింద ఫ్లాటు తాతగారు వచ్చి, "దానికేముందయ్యా, ముల్లు మీద ఒక బిళ్ళ పెట్టు" అన్నారు. ఈ వైద్యం రేడియోగ్రామ్ కాలం నాటిది. అప్పటి సిరామిక్ కార్ట్రిడ్జిలు (ముల్లుని పట్టుకుని ఉండే డబ్బీలు) ఐదారు గ్రాములు అలవోకగా మోసేవి. ఇప్పటి మాగ్నెట్ కార్ట్రిడ్జి అడిగేది 2 గ్రాములు. ఆ తూకం పెట్టడానికే బావగారు ఆదివారం ఉదయమంతా ఖర్చుపెట్టారు. ముల్లు లోపలికి జారకుండా పట్టే యాంటీస్కేట్ సున్నాలో ఉంచి, వెనక బరువు తిప్పుతూ ముల్లుని మోసే ఆర్మ్ గాల్లో సమంగా తేలేదాకా చూసి, బరువు కదలకుండా అంకెల రింగు ఒక్కదాన్నే సున్నాకి తెచ్చి, అప్పుడు రెండూ కలిపి 2 దాకా తిప్పి, చివర్లో యాంటీస్కేట్ కూడా 2కి. ఇంత చేసినవారు తాతగారి మాట తీసెయ్యలేక జేబులోంచి 5 రూపాయల బిళ్ళ తీశారు. ఆ ఇత్తడి రంగు బిళ్ళ 6 గ్రాములు. మొత్తం 8, అంటే అడిగినదానికి నాలుగింతలు. ముల్లు మోసే సన్న కడ్డీ చతికిలబడింది, కార్ట్రిడ్జి పొట్ట రికార్డుకి ఆనింది, స్పీకర్లోంచి బియ్యం చెరిగిన చప్పుడు వచ్చింది. కనీసం రూపాయి బిళ్ళ పెట్టి ఉంటే నష్టం కొంత తగ్గేదేమో!

ఇక మిగిలింది రికార్డుని చదును చెయ్యడం. దీనికి పద్ధతి ఉంది. రికార్డు కన్నా అంగుళం పెద్దవైన, 6 మిల్లీమీటర్ల మందం గాజు పలకలు రెండు కావాలి. ముందు రికార్డునీ గాజునీ మచ్చ లేకుండా తుడవాలి. ఎందుకంటే మధ్యలో ఏది ఉన్నా వేడికి అది అచ్చవుతుంది. తర్వాత రికార్డుని రెండు పలకల మధ్య ఉంచి, పైన బరువు పెట్టి, 55 డిగ్రీల దగ్గర నిదానంగా వేడి చేసి, బరువు తియ్యకుండానే పూర్తిగా చల్లారనివ్వాలి. ఇంటి అవెన్లు చెప్పే వేడి 10, 15 డిగ్రీలు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి వేరే థర్మామీటరు తప్పనిసరి. ఓపికున్నవాళ్ళు వేడి జోలికే పోకుండా, బరువు కింద పెట్టి వారాల తరబడి మరిచిపోతారు. చెన్నైలో గది వేడే సగం పని చేసిపెడుతుంది.

బావగారికి మరిచిపోయే ఓపిక లేదు. షోకేసు నుంచి రెండు అద్దాలు ఊడదీశారు. "ఏమండీ, అందులో బొమ్మలు ఎక్కడ పెట్టను?" అని ఇల్లాలు అడుగుతుండగానే డాబా ఎక్కేశారు. అక్కడ అత్తగారు పాత పంచె మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టి, కాకులకి గొడుగు చూపిస్తూ కూర్చున్నారు. డాబాకి నీళ్ళు పోయే వాలు ఉంటుంది కదా. అద్దం జారకుండా పంచె చెరుగు మీద పెడదామని బావగారు నాలుగు వడియాలు పక్కకి జరిపారు.

"అల్లుడుగారూ, అవి ఇంకా పచ్చివండీ."

"చూసుకునే తీశాను అత్తయ్యగారూ."

చూసుకుని తీసిన చేత్తోనే, కడుక్కోకుండా, రికార్డు పట్టుకున్నారు. పైన రెండో అద్దం, దాని మీద పాత రుబ్బురోలు పొత్రం. అట్ట కింద పెట్టేసరికి అత్తగారు దాన్ని తీసి చక్రం తిప్పి చూశారు. "ఇదేం పంచాంగం బాబూ?" అన్నారు. నవ్వాల్సిన పనిలేదు. ఏ నెలలో ఏ విత్తనం వెయ్యాలో చూపించే తోటపని చక్రాలను చూసే ఆ అట్టకి ఊహ పుట్టింది. ఆవిడే అసలుకి దగ్గరగా వచ్చారు.

నల్లటి రికార్డు, పైన గాజు, మిట్టమధ్యాహ్నం. వేడెంతో కొలవకుండా బావగారు కిందకెళ్ళి కునుకు తీశారు. మూడింటికి వచ్చి తీస్తే రికార్డు నిజంగానే చదునైంది, బల్లలా. కానీ రెండో వైపు, మధ్య పాట దగ్గర, 4 మిల్లీమీటర్ల గుంట. అందులో ఒక సగ్గుబియ్యం గింజ హాయిగా కూర్చుని ఉంది. గోరువెచ్చటి నీళ్ళతో తుడిస్తే గింజ పోయింది, గుంట మిగిలింది.

కొత్త ముల్లు వేసి వాయించారు. ఎల్పీకి ఒక్కో వైపు ఉండేది ఒకే ఒక్క గాడి, అంచు నుంచి లోపలికి చుట్టుకుంటూ పోయే అర కిలోమీటరు దారి. నిమిషానికి 33 చుట్లూ ఇంకో మూడోవంతు, అంటే చుట్టుకి 1.8 సెకన్లు. మిల్లీమీటరుకి ఎనిమిదీ తొమ్మిదీ చుట్లు పడతాయి కాబట్టి, 4 మిల్లీమీటర్ల గుంటని ముల్లు దాదాపు 34 సార్లు దాటాలి. సుమారు ఒక నిమిషం పాటు, ప్రతి 1.8 సెకన్లకీ ఒక "టక్". గాడి తప్పదు, అలా అని పాట సాగినట్టూ ఉండదు. గిటారు మెత్తగా మీటుతోంది, మధ్యలో ఎవరో తలుపు కొడుతున్నారు.

అత్తగారు తొడ మీద తాళం వేస్తూ విన్నారు. "ఇందాకటి పాటకన్నా ఇదే నయం బాబూ, లయ ఉంది" అన్నారు.

నలుపు మీది గీతలేమిటని మనవణ్ణి అడిగితే వాడు చదివి అర్థం చెప్పాడు. ఒకవైపు నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి, ఇంకోవైపు అలాగే అగుగాక.

"తథాస్తు దేవతలు వాళ్ళకీ ఉన్నారన్నమాట" అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్ళారు. గుంట దగ్గర అద్దానికి అంటుకుని మిగిలిన వడియం ముక్కని చాకుతో ఒలిచి తెచ్చారు. రికార్డుకి ఆనిన వైపు అద్దంలా నున్నగా ఉంది. వెలుతురుకి పడితే సన్నటి గీతలు మెరుస్తున్నాయి. బావగారు భూతద్దం తెచ్చేలోపే ఆవిడ దాన్ని నూనెలో వేసేశారు. ఉబ్బింది, తెల్లబడింది, గీతలు పోయాయి.

"వెయ్యకండి అత్తయ్యగారూ!"

"మాడిపోతుంది అల్లుడుగారూ, సాంబారులోకి పెట్టుకోండి. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పండి."