మా వీధి కరెంటు స్తంభం గారికి, ఒక ఉద్యోగం గురించి

అయ్యా స్తంభం గారూ,

విజయనగరం నుంచి మీ ఎదురింటివాడు దణ్ణాలు పెట్టి రాస్తున్నాడు. మన ఊళ్ళో ఒక పెద్ద ఉద్యోగం ఖాళీ అయ్యేలా ఉంది. సిరిమాను ఉద్యోగం. ముందుగా మీ చెవిన వేద్దామని.

దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సంబరం మీకు తెలియంది కాదు. అన్న, విజయనగరం రాజు విజయరామరాజు 1757లో బొబ్బిలి యుద్ధంలో పోయాడని విని ప్రాణం విడిచిన ఆడపడుచు. పెద్దచెరువులో విగ్రహమై దొరికింది. సంబరానికి ముందురోజు, తొలేళ్ళంటారు, రైతులకి విత్తనాలు పంచుతారు. ఏటా పూజారి కలలోకొచ్చి, ఫలానా చోట చింతచెట్టుంది, తెచ్చుకోండి అని అమ్మే చెబుతుంది. పసుపు కుంకుమ పెట్టి తెచ్చి, 50, 60 అడుగుల మాను చెక్కుతారు. అదే సిరిమాను. దాని కొసన పూజారిని కూర్చోబెట్టి అమ్మవారి చదురుగుడి నుంచి కోటకి మూడుసార్లు తిప్పుతారు. ముందు బెస్తవారి వల, తెల్ల ఏనుగు రథం. జనం అరటిపళ్ళు విసురుతారు. నేనూ విసురుతాను. ఇన్నేళ్ళలో ఒక్కటీ మానుకి తగల్లేదు, ఎవరి నెత్తి మీదో పడి ప్రసాదమైపోయింది.

చిక్కేటంటే బాబూ, కలకి ఢోకా లేదు. కలలో చూపించడానికి చెట్టుండాలి కదా! అంత మాను ఒక తరంలో ఎదగదు. రోడ్డు పక్క చింతలు రోడ్డు వెడల్పుకి పోయాయి. గట్ల మీదవి ప్లాట్లకి పోయాయి. ఆ ప్లాట్లకి మాత్రం ఏదో ఒక దేవుడి పేరే ఉంటుంది.

అసలు సిరిమానుకి చెట్టు కొట్టడమే తప్పనే పెద్దమనుషులున్నారు. ఏడాదికి సిరిమానుకొకటి, దాన్ని మోసే ఇరుసుమానుకొకటి. అవి డప్పులతో ఊళ్ళోకి వస్తాయి. మిగతావి చప్పుడు లేకుండా ట్రాక్టరెక్కుతాయి, వాటి లెక్క ఎవరూ అడగరు.

చింతచెట్టు మీద దెయ్యాలుంటాయని మా నాయనమ్మ పొద్దుగూకితే పెరట్లోకి పోనిచ్చేది కాదు. పగలు మాత్రం ఆ నీడనే మంచం వేసుకునేది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ దాని జోలికి వెళ్ళే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తర్వాత మేం చదువుకున్నాం. దెయ్యాలు లేవని తేలిపోయింది. నేను కారు కొన్నాను.

రంపం మిషన్‌తో అరపూట పని. కొమ్మలు కూలివాళ్ళు పట్టుకుపోయారు. మొదలు మాంసం కొట్టు అతను బేరమాడి తీసుకున్నాడు. చింతమొద్దయితే పొట్టు రాలదట. ఇప్పుడు ప్రతి ఆదివారం దాని ముందే అరకిలో కోసం నిలబడతాను. కత్తి దెబ్బలకి నడిమి గుంటపడింది గానీ, ఆ నల్లటి చేవ ఇంకా కనిపిస్తూనే ఉంది. అతను గుర్తుపట్టి కాస్త మంచి ముక్కే వేస్తాడు. పక్క సందులో చింతచిగురు గుప్పెడేసి అమ్ముతారు. అదీ కొంటాను. పెరట్లో ఊరికే రాలిందాన్ని బేరమాడి మరీ కొంటాను.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. తిన్నగా ఉంటారు, ఆకు రాల్చరు, కారు మీద రెట్ట వేయించరు... అంటే మీ తీగల మీద కాకులు వేస్తాయనుకోండి, ఆ తప్పు మీది కాదు. దెయ్యాలూ లేవు. పొడుగులో మానుకి సగమే వస్తారు. అమ్మ సర్దుకుంటుంది, అన్నిటికీ సర్దుకుంటూనే ఉంది కదా.

మీ ఒంటి మీది నంబరు కాగితం మీద రాసి దాచాను. కలలో అదే నంబరు వస్తే చూపించడానికి పనికొస్తుంది. ఒక్క ఇబ్బందే ఉంది. నిన్న సాయంత్రం మా అమ్మకి ఈ సంగతి నవ్వుతూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. లోపలికెళ్ళి పసుపు గిన్నె తెచ్చింది. మీ దగ్గరికొచ్చి చెయ్యెత్తింది. "అమ్మా, షాకు కొడతాది" అని పట్టి లాగాను.

ఆ పసుపు వేళ్ళతోనే గోడవార కారు తీసి చూపించమంది. నల్లగా నూనె మరకలున్న ఆ నేలని చాలాసేపు చూసింది. ఎక్కడ నాటాలి అని మాత్రం అడగలేదు.

ఇట్లు,
మీ ఎదురింటివాడు