ఆ ట్యూబ్ ఎవరిది?

హైదరాబాద్‌లో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే ఒక ఏఆర్‌టీ సెంటర్. ఓపీ అయిపోయింది. తెలంగాణలో ఏయే హెచ్‌ఐవీ రకాలు తిరుగుతున్నాయో పటం గీయాలని, రోగుల రక్తం శాంపిళ్లు కావాలని పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు వచ్చాడు. ఎదురుగా ఏళ్లుగా అక్కడే కూర్చుంటున్న కౌన్సెలర్.

కౌన్సెలర్: ఎథిక్స్ కమిటీ కాగితం తెచ్చావు, సరే. కానీ తమ్ముడూ, కొత్తగా తేలేదేముంది? 1986లో చెన్నైలో తొలి కేసులు బయటపడ్డాయి. మన దేశంలో నూటికి తొంభైకి పైగా 'సీ' రకమేనని ఎప్పుడో తేల్చారు కదా.

పరిశోధకుడు: మిగతావాటి సంగతేంటక్కా? మణిపూర్‌నే చూడండి. సూదులతో మత్తుమందు ఎక్కించుకునేవాళ్లలో థాయ్‌లాండ్ వైపు 'బీ' రకం కూడా దొరికింది. ఒకే మనిషిలో రెండు రకాలు పడితే కలగలిసి మూడోది పుట్టగలదు. మన సీ, థాయ్ బీ కలిసిన రకాలు చైనాలో యునాన్ నుంచి ఎంత దూరం పాకాయో తెలుసా? హైదరాబాద్‌కి పనికోసం ఏ రాష్ట్రం వాళ్లు రావట్లేదు చెప్పండి?

కౌన్సెలర్: అదిగో, నాకు టెన్షన్ పుట్టేది ఆ మాటకే. 'ఎవరు తెచ్చారు' అనే దగ్గరికి వచ్చేశావు. పోయిన నెల ఒకామె మాత్రల డబ్బా చూపించింది. లేబుల్‌ని గోటితో గీకేసింది. బస్సులో గలగలమనకుండా లోపల దూది కుక్కింది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగున దాస్తుందట. ఆమెను నీ పటంలో చుక్కగా పెడతావా?

పరిశోధకుడు: ఆమె కోసమే అడుగుతున్నానక్కా. ఈ వైరస్ జన్యువుల్లో తొమ్మిది వేలకు పైగా అక్షరాల రాత ఉంది. దాన్ని నకలు తీసే ఎంజైమ్‌కి తప్పులు దిద్దుకోవడం రాదు. రాసిన ప్రతిసారీ ఎక్కడో ఒక అక్షరం మారిపోవచ్చు. ఆ మార్పు మందుకు లొంగనిదైతే?

కౌన్సెలర్: డాల్యుటెగ్రావిర్ అనే కొత్త మందు వచ్చాక ఆ భయం చాలా తగ్గింది. సీ అయినా బీ అయినా అదే మాత్ర. 2021 అంచనాల్లో హెచ్‌ఐవీ ఉన్న పెద్దవాళ్లు దేశం మొత్తానికి 0.21 శాతం ఉంటే తెలంగాణలో 0.47. టెస్టే చేయించుకోని వాళ్లు బయట ఉన్నారు. డబ్బుంటే ముందు వాళ్లని వెతకాలి.

పరిశోధకుడు: మాత్ర ఒకటే, ఒప్పుకుంటాను. కానీ ఈ సీ, బీలన్నీ హెచ్‌ఐవీ-1లోని రకాలే. మరి హెచ్‌ఐవీ-2? పశ్చిమ ఆఫ్రికాలో పుట్టింది, మన దేశంలోనూ కొద్దిమందిలో ఉంది. పాత మాత్రల్లోని ఎఫావిరెంజ్ అనే మందు దాని మీద పనిచేయదు. రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే వైరల్ లోడ్ టెస్ట్ హెచ్‌ఐవీ-1 కోసం చేసిందైతే దాన్ని లెక్కపెట్టలేదు. కాగితం మీద వైరస్ కనబడలేదని వస్తుంది, మనిషి మాత్రం చిక్కిపోతుంటాడు. అలాంటివాళ్లను మీరు చూడలేదా?

(ఆమె కాసేపు మాట్లాడలేదు.)

కౌన్సెలర్: మాత్రలు సరిగ్గా వేసుకోవట్లేదని అలాంటివాణ్ని ఒకసారి కోప్పడ్డాను. ఇప్పటికీ బాధే. కానీ నా ప్రశ్నకు జవాబు చెప్పు. ఇద్దరి వైరస్ ఒకేలా ఉందని నీ కంప్యూటర్ చూపిస్తుంది. ఫలానావాడే ఫలానామెకు అంటించాడని రేపు ఎవరైనా అంటే?

పరిశోధకుడు: అలా తేల్చడం కుదరదక్కా. మధ్యలో మన కంటబడని మూడో మనిషి ఉండొచ్చు. పోలిక దగ్గరి చుట్టరికాన్ని చెబుతుంది, ఎవరి నుంచి ఎవరికో చెప్పలేదు.

కౌన్సెలర్: ఆ తేడా నీకు తెలుసు. ఊళ్లో వాళ్లకు తెలియదు. అనుమతి లేకుండా ఒకరి సంగతి బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం ఉంది. అయినా ఊరూ కులమూ వాసన పట్టేవాళ్లను చట్టం ఒక్కటే ఆపలేదు.

పరిశోధకుడు: అయితే వద్దంటారా?

కౌన్సెలర్: అనట్లేదు. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నా వైరల్ లోడ్ మిల్లీలీటరుకు 1,000 కిందికి దిగనివాళ్లతో మొదలుపెట్టు. వాళ్ల సీక్వెన్స్, అంటే వైరస్ అక్షరాల వరస చదివిన ఫలితం, ముందు వాళ్ల డాక్టర్ చేతికి రావాలి, ఆ తర్వాతే నీ పేపర్.

పరిశోధకుడు: ఊరి పేరు?

కౌన్సెలర్: జిల్లా దాకా రాసుకో, అంతే. సోమవారం రా. ఒక్కొక్కరినీ లోపల కూర్చోబెట్టి నేనే అడుగుతాను. వద్దన్నవాళ్ల ట్యూబ్ నీ దాకా రాదు.