ఇంటి పన్ను కట్టడానికి కేంద్రం గ్రాంట్ ఇస్తుందా?

వారం రోజులుగా ఒకటే మెసేజ్. ముందు పాలకొల్లు నుంచి మా బావ పంపాడు, తర్వాత పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, నిన్న రాత్రి రాజోలు నుంచి మా పిన్ని పంపింది. "ఇంటి పన్ను భారం తగ్గించడానికి కేంద్రం 15వ ఆర్థిక సంఘం గ్రాంట్ ఇచ్చింది. తెల్ల కార్డు ఉంటే చాలు. పంచాయతీ వాళ్లు దాస్తున్నారు. గ్రాంట్ పడేదాకా పన్ను కట్టకండి. కింది ఫైల్ ఇన్‌స్టాల్ చేసి 499 రూపాయలతో అప్లై చేయండి." ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది.

తెల్ల కార్డుతో దీనికి సంబంధం లేదు. పన్ను పడేది ఇంటి మీద, కార్డు మీద కాదు.

గ్రాంట్ ఉన్న మాట నిజమే. 2021 నుంచి 2026 వరకు పంచాయతీలకీ మున్సిపాలిటీలకీ ఇమ్మని ఆ సంఘం, అంటే కేంద్రం దగ్గరి డబ్బు ఎవరికెంత పంచాలో సూచించే సంఘం, సిఫార్సు చేసింది. కానీ ఆ డబ్బు పడేది పంచాయతీ ఖాతాలో, మన ఖాతాలో కాదు. అందులో 60 శాతం మంచినీళ్లకీ పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాలకి వాడుకోవచ్చు, జీతాలకి మాత్రం వాడకూడదు. పట్నాల సంగతి ఇంకా స్పష్టం. భీమవరం, తణుకు, అమలాపురం లాంటి మున్సిపాలిటీలకి గ్రాంట్ రావాలంటే రాష్ట్రం ఆస్తి పన్నుకి కనీస రేట్లు ప్రకటించాలి, ఏటా వసూళ్లు పెరగాలి. పన్ను బాగా వసూలు చేస్తేనే వచ్చే డబ్బుని పన్ను కట్టక్కర్లేని డబ్బుగా మార్చేశారు!

"పన్ను కట్టకండి" అన్న మాట దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. వేసవిలో కాలువలు కట్టేసేలోపు మంచినీళ్ల చెరువు నింపుకోకపోతే మళ్లీ నీళ్లు వదిలేదాకా మన గతేంటి? సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు వేస్తే వచ్చేవి ఉప్పునీళ్లే. ఆ మోటారు వేసే మనిషికి, పొద్దున్నే చెత్త బండి తెచ్చే ఆమెకి జీతం ఎక్కడి నుంచి వస్తుందనుకుంటున్నారు? మా ఊళ్లో ఒక ఏడాది ట్యాంకు దగ్గర పనిచేసే అతనికి రెండు నెలలు జీతం ఆగిపోయింది. వసూళ్లు లేవన్నారు. అయినా రోజూ వచ్చి నీళ్లు వదిలాడు. అతని ముందు నిలబడి ఈ మెసేజ్ చదవగలరా? కట్టకపోతే పన్ను ఎక్కడికీ పోదు, బకాయి కింద మరుసటి ఏడాది కట్టాల్సిన పన్నులో కలుస్తుంది. పట్నంలో అయితే వడ్డీ కూడా పడుతుంది. రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కూడా ఇందులోనే ఉంది. లైబ్రరీకి కొత్త పుస్తకాలు రావట్లేదని ఇదే గ్రూపులో బాధపడింది మనమే కదా.

ఇక ఆ ఫైల్. ఏ ప్రభుత్వం వాట్సాప్‌లో ఫైల్ పంపి అప్లికేషన్లు తీసుకుంటుందండీ? అలాంటివి ఫోన్‌లో చేరితే మెసేజ్‌లు చదువుతాయి, ఓటీపీలు లాగుతాయి. పోయేది 499 ఒక్కటే కాదు, కొబ్బరికాయలు అమ్మి బ్యాంకులో వేసుకున్న డబ్బంతా పోతుంది. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లు వెంటనే నెట్ ఆపేయండి, బ్యాంకుకి చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

"పంచాయతీ వాళ్లు దాస్తున్నారు" అన్నదాన్ని మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. ఆర్థిక సంఘం డబ్బుని రాష్ట్ర ప్రభుత్వం పంచాయతీల కరెంటు బకాయిల కింద సర్దేసిందని 2021 తర్వాత మన రాష్ట్రంలో సర్పంచులే రోడ్డెక్కారు. ఊరి డబ్బు ఊరికి చెప్పకుండా పోతే అనుమానం రాదా? వస్తుంది, రావాలి కూడా. ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మన పంచాయతీ పేరు కొడితే ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది కనిపిస్తుంది. అది చూసి గ్రామసభలో అడగండి, మీ పక్కన నేనూ నిలబడతాను.

పన్ను తగ్గే దారులు కూడా ఉన్నాయి. మున్సిపాలిటీలో ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం రాయితీ. మాజీ సైనికుల ఇంటికి మినహాయింపు ఉంది. కొలతలు తప్పుగా రాసుంటే నోటీసులో ఇచ్చిన గడువులోగా రివిజన్ పిటిషన్, అంటే పన్ను మళ్లీ లెక్కేయమని అర్జీ, పెట్టుకోవచ్చు.

పిన్నీ, ఆ ఫైల్ తెరవకుండా డిలీట్ చేసి నాకు ఫోన్ చెయ్యి. పాత పన్ను రసీదులు తీసిపెట్టు. ఆదివారం టేపు తీసుకుని వస్తాను, ఇల్లు ఒకసారి కొలుద్దాం.