మరమ్మతు పూర్తి కాకూడదు

ఒడిశాలోని బరంపురం తెలుగు ఇళ్లలో, రెండు బొమ్మలు కలిపి ఫోకస్ చేసుకునే పాత రేంజ్‌ఫైండర్ కెమెరా విప్పుకుని కూర్చునే పెద్దమనుషులున్నారు. వాళ్లను చూసి ఇంట్లోవాళ్లు తల పట్టుకోవడం అన్యాయం. ఆ పని ఎప్పటికీ తెమలకపోవడంలోనే ఇంటి క్షేమం ఉందని నా గట్టి అభిప్రాయం.

1966లో వచ్చిన యాషికా ఎలెక్ట్రో 35 ఒకటి అటక మీంచి దిగిందనుకుందాం. వెనక తలుపు తీయగానే గాడుల్లో నల్లటి జిడ్డు. వెలుతురు దూరకుండా అంటించిన స్పాంజి అది, ఏళ్లు గడిచి కరిగిపోయింది. పుల్లకు దూది చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి గీకితే ముక్కలు ముక్కలుగా లేస్తుంది. లేచింది వేలికి, వేలి నుంచి టేబుల్‌కి, అక్కణ్ణుంచి ఇల్లాలి బరంపురం పట్టు చీరకి చేరుతుంది. ఈ చివరి మజిలీలో మరమ్మతుకు కొన్నాళ్లు తాళం పడుతుంది. శుభం.

తరవాత స్క్రూలు. జపాన్ స్క్రూల గాడి వేరు. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి బలంగా తిప్పితే తలలు అరిగిపోతాయి. సరైనది కొరియర్‌లో రావాలి. ఇక కెమెరాకి కావలసిన 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు తయారుకావడం లేదు. 6 వోల్టులదాన్ని ఇరికించడానికి అడాప్టర్ కావాలి, అదీ కొరియరే. ఈలోగా పక్కనే ఉన్న గోపాల్‌పూర్ సముద్రపు ఉప్పుగాలి తన వంతుగా లెన్సులో బూజు పెంచుతుంటుంది.

అసలు మజా రేంజ్‌ఫైండర్‌లో ఉంది. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ నడుమ పసుపు మచ్చలో వస్తువు రెండుగా కనబడుతుంది. రింగు తిప్పితే రెండు బొమ్మలూ ఒకటవ్వాలి. లోపల కొంత వెలుతురును తిప్పి కొంత దాటనిచ్చే పలచటి పూత అద్దం మసకగా ఉందని గట్టిగా రుద్దితే పూతే పోతుంది, దాంతో రెండో బొమ్మా పోతుంది. రుద్దకుండా వదిలేసినవాడు దూరాన ఉన్న గోపాల్‌పూర్ లైట్‌హౌస్‌కి గురిపెట్టి చూసుకోవాలి. అక్కడా బొమ్మలు కలవకపోతే మళ్లీ పై మూత విప్పాలి. నన్నడిగితే ఇంత పట్టింపు అనవసరం. 1936 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి ఒరిస్సాలో పడ్డ మనం ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియాతో ఫోకస్ కుదుర్చుకోలేదా?

ఇన్ని గండాలూ దాటి కెమెరా బాగుపడితేనే టెన్షన్ మొదలు. విప్పి ఉన్నంతకాలం దానికి స్పిరిటు, దూదే ఖర్చు. బాగుపడ్డ కెమెరా ఫిల్మ్ రోలు అడుగుతుంది. 36 ఫ్రేములు అవగానే కడిగించమంటుంది, స్కాన్ చేయించమంటుంది, ఇంకో రోలంటుంది. అన్నిటికన్నా ప్రమాదం, రాయగడ నుంచి చిన్నత్త ఫోన్: "ఒరేయ్, కెమెరా బాగుచేశావటగా! మా చిట్టి పెళ్లి ఫోటోలు నువ్వే తియ్యాలి. బయటివాళ్లకి వేలకు వేలు ఎవడు పోస్తాడ్రా?"

అందుకే దూరదృష్టి ఉన్నవాడు పై మూత స్క్రూ ఒకటి అప్పడాల డబ్బాలో దాచిపెట్టి, తడుముకోకుండా చెబుతాడు: "ఎక్కడత్తా, షట్టర్ రేకులకి నూనె పట్టింది. ఇంకా విప్పే ఉంది."